పారినాకోటాకి ఐదు రోజులు చాలవు, అరికా నుంచి నేరుగా అసలే వద్దు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. నవంబర్‌లో ఆఫీసు పని మీద చిలీ వెళ్తున్నారు, చివర్లో ఐదు రోజులు ఖాళీ దొరుకుతుంది. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్ చేసిన అనుభవం ఉంది. చిలీ, బొలీవియా సరిహద్దులోని పారినాకోటా అగ్నిపర్వతానికి తాళ్ళు పట్టుకుని పాకనక్కర్లేదు, నడుచుకుంటూ ఎక్కేయొచ్చని వీడియోల్లో చూశారు. ఉత్తర చిలీలోని అరికాలో విమానం దిగి నేరుగా వెళ్ళి ఎక్కి రావచ్చా, ఇంతకీ ఆ పేరుకి అర్థమేంటి అని అడిగారు.

వెళ్ళొద్దండీ. ఈ ప్లాన్‌తో మాత్రం వెళ్ళొద్దు. నేను ఉత్తర చిలీలో కొన్నేళ్ళు ఉద్యోగం చేశాను. ఈ కొండకి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి సరిగ్గా మీరు అనుకున్నట్టే వెళ్ళి, కొండ మొదలు కూడా తొక్కకుండా అర్ధరాత్రి వెనక్కి వచ్చాను. రెండోసారి బొలీవియా వైపు నుంచి, పన్నెండు రోజులు పెట్టుకుని వెళ్ళి పైకి చేరాను. ఆ రెండిటి మధ్య తేడా ఏంటో కాస్త వివరంగా రాస్తాను.

ముందు పేరు సంగతి. అది ఐమారా మాట, అంటే అక్కడి ఆండీస్ కొండల్లో ఉండేవాళ్ళ భాష. పారినా అంటే ఫ్లెమింగో, కోటా అంటే సరస్సు. మన పులికాట్‌కి చలికాలంలో వస్తాయే, మనం రాజహంసలంటామే, ఆ కోవ పక్షులే. అక్కడ నాలుగున్నర వేల మీటర్ల ఎత్తులో, ఉప్పునీటి మడుగుల్లో, మూడు రకాల ఫ్లెమింగోలు కనిపిస్తాయి. కొండకి సరస్సు పేరేంటని నాకూ మొదట వింతగా అనిపించింది. కొండ కింద అదే పేరుతో ఒక చిన్న ఊరు ఉంది, చుట్టూ మడుగులు, వాటిలో పక్షులు. అవన్నీ చూశాక ఆ పేరు వింతగా అనిపించలేదు. పక్కనే ఇంకో అగ్నిపర్వతం ఉంది, పోమెరాపె. రెండిటినీ కలిపి పాయాచాటా అంటారు, కవలలని చెబుతారు. ఐమారాలో పాయా అంటే రెండు.

ఐమారా గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మనలాగే వాళ్ళూ మాట చివర ప్రత్యయం మీద ప్రత్యయం తగిలిస్తూ పోతారు, క్రియ వాక్యం చివరికి వస్తుంది. కానీ కాలాన్ని చూసే తీరు మనకి పూర్తిగా తిరగేసి ఉంటుంది. మనం జరిగిపోయినదాన్ని వెనకటి రోజులు అంటాం. వాళ్ళకి నైరా అనే ఒక్క మాటే కన్ను, ముందువైపు, గతం. జరిగింది కళ్ళతో చూశాం కాబట్టి అది ఎదురుగా ఉంటుంది, రాబోయేది కనపడదు కాబట్టి అది వీపు వెనక ఉంటుంది. పాత రోజుల గురించి చెప్పేటప్పుడు పెద్దవాళ్ళు చెయ్యి ముందుకి చాపడం గమనించండి.

ఇక కొండ. ఎత్తు పటాన్ని బట్టి కాస్త అటూఇటూగా ఉంటుంది, ఎక్కువగా 6,348 మీటర్లని రాస్తారు. మన లెక్కలో 20,800 అడుగులు. చిలీ, బొలీవియా సరిహద్దు ఈ కొండ మీదుగానే పోతుంది. చిలీ వైపు లౌకా నేషనల్ పార్క్, బొలీవియా వైపు సహామా నేషనల్ పార్క్. దూరం నుంచి చూస్తే కుంకుమ రాశి పోసి కొసన పిండి చల్లినట్టు, ఒక్క వంకర లేకుండా నిలబడి ఉంటుంది. అంత నున్నగా ఉండటానికి కారణం అది చిన్న వయసు కొండ కావడమే. వేల ఏళ్ళ కిందట పాత శిఖరం పడమటి వైపుకి కుప్పకూలింది. ఆ రాళ్ళూ మట్టీ ఇరవై కిలోమీటర్లకు పైగా జారి నది దారిని మూసేశాయి. అలా నీళ్ళు నిలిచిందే చుంగరా సరస్సు. పక్కన కోటాకోటాని అనే చోట గుట్టలూ వాటి మధ్య మడుగులూ కనిపిస్తాయి, ఆ గుట్టలన్నీ పాత కొండ ముక్కలే. తర్వాత అదే చోట లావా, బూడిద పేరుకుని ఇప్పటి శంకువు లేచింది. ఎక్కేవాడికి దీనివల్ల ఒక కష్టం ఉంది. కింది భాగమంతా వదులు బూడిద, గులకరాయి. రెండడుగులు వేస్తే ఒకడుగు కిందికి జారుతుంది.

మీరు చూసిన వీడియోలు అబద్ధం చెప్పలేదు. మామూలు దారిలో నిలువు బండలు లేవు, పెద్ద మంచు పగుళ్ళ బెడద లేదు. పై భాగంలో వాలు 35 నుంచి 40 డిగ్రీలు ఉంటుంది, మంచు మీద జారకుండా బూట్లకి కట్టే ఇనుప ముళ్ళు (క్రాంపన్లు), చేతిలో మంచుగొడ్డలి (ఐస్ యాక్స్) ఉండాలి. వాటిని వాడటం ఒక రోజులో నేర్పుతారు. ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడటం మాత్రం ఎవరూ నేర్పలేరు. ఈ కొండ మీద ప్రమాదం వాలులో లేదు, అక్కడికి తీసుకెళ్ళే రోడ్డులో ఉంది.

అరికా సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ పొద్దున్నే టిఫిన్ తిని కారెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి చుంగరా ఒడ్డున ఉంటారు. దూరం రెండు వందల కిలోమీటర్లు కూడా ఉండదు. కానీ సున్నా నుంచి 4,500 మీటర్లకి చేరిపోతారు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రం దగ్గర ఉన్నదాంట్లో అరవై శాతం లోపే, శిఖరం మీద సగం కన్నా తక్కువ. మీరు చేసిన కేదార్‌కంఠ శిఖరం 3,800 మీటర్లు, అదీ రోజుకింత చొప్పున నడిచి ఎక్కారు. చుంగరా ఒడ్డు దానికన్నా ఏడు వందల మీటర్లు ఎత్తు, అక్కడికి సీట్లో కూర్చుని నాలుగు గంటల్లో వెళ్తారు. ఒళ్ళు ఎంత గట్టిదైనా రక్తానికి ఆ సంగతి తెలియడానికి రోజులు పడుతుంది. ఫిట్‌నెస్ ఇక్కడ కాపాడదు. పైగా బాగా ఫిట్‌గా ఉన్నవాళ్ళే తొందరపడి ముందు పడిపోతారు, నేను కళ్ళారా చూశాను.

మొదటిసారి మేం నలుగురం వెళ్ళాం. మమ్మల్ని తీసుకెళ్ళిన ఏజెన్సీ వాళ్ళు ఏం పరవాలేదు, అందరూ ఇలాగే వెళ్తారు అన్నారు. సాయంత్రానికి సరస్సు దగ్గరి బసలో దిగాం. నాకు తల పగిలిపోతోంది, అన్నం వాసన చూస్తే కడుపులో తిప్పుతోంది. అది ఆ ఎత్తులో మామూలే అనుకున్నాం. మాలో అందరికన్నా కుర్రవాడు, మారథాన్లు పరిగెత్తేవాడు, రాత్రి పదకొండింటికి బయటికి వెళ్ళడానికి లేచి బూటు లేసు కట్టుకుంటున్నాడు. ముడి పడటం లేదు. లేసు రెండు కొసలూ చేతిలో పట్టుకుని, ఇప్పుడు ఏం చేయాలో తెలియనట్టు వాటిని చూస్తూ ఉండిపోయాడు. నేను కట్టి లేపి, గచ్చు మీద గీత వెంట ఒక పాదం మడమకి ఇంకో పాదం వేలు తగిలేలా నడవమన్నాను. నాలుగో అడుగుకి గోడ మీదికి ఒరిగిపోయాడు. మెదడుకి నీరు పడుతోందనడానికి అది గుర్తు. తెల్లవారేదాకా ఆగుదామని ఒకరన్నారు. ఆగలేదు. ఉన్న కారులోనే లారీల మధ్య ఆ ఘాట్ రోడ్డు దిగి పుత్రె అనే ఊరికి చేరాం. అది 3,500 మీటర్లు. వెయ్యి మీటర్లు దిగేసరికి అతను మళ్ళీ మాట కలిపాడు. పుత్రెలో వైద్యం చూపించి, పొద్దున అరికాకి దింపేశాం. పిల్లవాడు బాగానే ఉన్నాడు. ఆ రాత్రి పడిన టెన్షన్ మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు, ఈ జవాబు ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

ఆ మడమ-వేలు నడక పరీక్ష గుర్తుపెట్టుకోండి. తూలుతున్నాడంటే, మాట తడబడుతోందంటే, కూర్చున్నా ఆయాసం తగ్గడం లేదంటే, దగ్గుతో నురగ పడుతోందంటే మందులతో కాలయాపన చేయొద్దు. వెంటనే, ఏ వేళైనా సరే, దింపాలి. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ తీసుకెళ్ళండి కానీ అందులో నంబర్ కన్నా ఎదురుగా ఉన్న మనిషిని చూడండి. డయామాక్స్ అనే మాత్ర ముందు జాగ్రత్తకి పనికొస్తుంది, అలవాటు పడటం కొంచెం త్వరగా జరుగుతుంది. సల్ఫా మందులు పడనివాళ్ళు జాగ్రత్తపడాలి. మోతాదు మీ డాక్టర్‌నే అడగండి. అది వేసుకున్నాం కదా అని రోజులు తగ్గించుకోకండి.

మరి ఎలా వెళ్ళాలి? నన్నడిగితే బొలీవియా వైపు నుంచి. లా పాజ్ ఊరే 3,600 మీటర్ల ఎత్తులో ఉంది, విమానం దిగే ఎల్ ఆల్టో ఇంకా పైన, నాలుగు వేలు దాటి. కాబట్టి మొదటి మూడు రోజులు లా పాజ్‌లో ఊరికే తిరగండి. మెట్లు నెమ్మదిగా ఎక్కండి, మద్యం జోలికి వెళ్ళొద్దు. తర్వాత బస్సులో పటకమాయా, అక్కడి నుంచి చిన్న వ్యాన్‌లో సహామా ఊరు. అది 4,250 మీటర్లకి కాస్త అటూఇటూ. అక్కడ మూడు నాలుగు రాత్రులు పడుకోవాలి. సాధారణ సూత్రం ఏంటంటే, మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి ఐదు వందలకి మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకి ఒక రోజు కదలకుండా ఉండాలి. పగలు పైకి తిరిగి రాత్రికి కిందికి వచ్చి పడుకోవడం మంచిది. సహామా చుట్టుపక్కల దానికి కావలసినన్ని చోట్లున్నాయి. వేడినీటి ఊటలు, గీజర్లు, సహామా కొండ వాలు మీద కెన్యువా చెట్ల అడవి. ఆ చెట్లు 5,200 మీటర్ల దాకా పెరుగుతాయి, ప్రపంచంలో అంతకన్నా ఎత్తున అడవి లేదంటారు. బెరడు ఎర్రటి కాగితం పొరల్లా ఊడుతుంది. దాన్ని లాగొద్దు, వంటకి కూడా కొట్టనివ్వొద్దు. యారెటా అని ఆకుపచ్చ బండరాయిలా కనిపించే మొక్క ఉంటుంది, చాలా నెమ్మదిగా పెరుగుతుంది. దాని మీద కూర్చుని ఫోటో దిగొద్దు.

అసలు కొండకి ముందు అకోటాంగో ఎక్కండి. అది కూడా ఆ సరిహద్దు మీదే, 6,052 మీటర్లు. పాత గని రోడ్డు వల్ల జీపు చాలా పైదాకా పోతుంది, నడక తక్కువ. అక్కడ మీ ఒళ్ళు ఎలా ఉందో తెలిసిపోతుంది. అకోటాంగో మీద తల తిరిగినవాళ్ళు పారినాకోటా ఆశ ఆ ట్రిప్‌కి వదులుకోవాలి. తర్వాత ఒక రోజు పూర్తి విశ్రాంతి. మర్నాడు జీపులో పారినాకోటా, పోమెరాపె మధ్య బేస్ క్యాంప్‌కి, అది 5,000 దాటి ఉంటుంది. అర్ధరాత్రి దాటాక బయల్దేరాలి. పైకి ఆరు నుంచి ఎనిమిది గంటలు పెట్టుకోండి. తెల్లవారుజామున చలి మైనస్ పదిహేను, ఇరవై దాకా పోతుంది, గాలి దానికి తోడు. సన్న సాక్సులు, మామూలు ట్రెక్కింగ్ బూట్లతో కాలి వేళ్ళు పోగొట్టుకుంటారు. లోపల వేరే పొర ఉన్న డబుల్ బూట్లు లా పాజ్‌లో అద్దెకి దొరుకుతాయి, ఊళ్ళో ఉండగానే తొడిగి చూసుకోండి.

నెల కూడా ముఖ్యం. మే నుంచి అక్టోబర్ దాకా పొడి కాలం, అందులోనూ జూన్ నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకా మంచు గట్టిగా ఉంటుంది. డిసెంబర్ నుంచి మార్చి వరకు వానలు, మంచు, మెరుపులు. మీరు వెళ్ళేది నవంబర్, అంటే సీజన్ చివర. అప్పటికి వాలు మీద పెనితెంతెలు పెరిగి ఉంటాయి. ఎండ తీవ్రత, పొడి గాలి కలిసి మంచుని నీరు కానివ్వకుండా నేరుగా ఆవిరి చేస్తుంటే, మిగిలిన మంచు కత్తుల్లా నిలబడుతుంది. నేను ఆగస్టు చివర్లో వెళ్ళాను, అప్పటికే మోకాలి ఎత్తు వచ్చాయి. వరుసలు వరుసలుగా, అన్నీ సూర్యుడి వైపు వంగి ఉన్నాయి. ఒక్కోదాని మధ్య కాలు దించి, పైకి లాగి, మళ్ళీ దించాలి. గంటలో యాభై అడుగులు కూడా ఎక్కలేదేమో అనిపించింది. నవంబర్‌లో అవి నడుము దాకా రావచ్చు. ఆ ఎత్తులో వాటి మధ్య ఈడ్చుకుంటూ పోవడం మంచి అనుభవం ఉన్నవాళ్ళకే విసుగు పుట్టిస్తుంది.

గైడ్‌ని సహామా ఊరి నుంచే తీసుకోండి. ఆ డబ్బు ఆ ఊళ్ళో ఉంటుంది, వాళ్ళకి తెలిసినంతగా ఆ వాలు ఇంకెవరికీ తెలియదు. మా గైడ్ అరవై దగ్గరున్న ఐమారా పెద్దాయన. బేస్ క్యాంప్‌లో బయల్దేరే ముందు, హెడ్‌లైట్ వెలుగులో ఒక చదును రాయి ఎత్తి, జేబు సంచిలోంచి చిరగని కోకా ఆకులు మూడు ఏరి, నున్నటి వైపు పైకి ఉండేలా పేర్చి, రాయి మళ్ళీ మూసి దాని మీద నాలుగు చుక్కలు సారా పోశారు. భూమాతకి ఒక చుక్క పోయకుండా వాళ్ళు పని మొదలుపెట్టరు. కొండని ఆయన అచచిలా అన్నారు, అంటే తాత. తాతని అడిగాం, ఇక వెళ్దాం అన్నారు స్పానిష్‌లో. తొందరపెట్టొద్దు, ఫోన్ పెట్టి వీడియో తీయొద్దు, టోపీ తీసి నిలబడండి. అంతకన్నా వాళ్ళేమీ కోరరు.

కోకా ఆకు గురించి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. బొలీవియాలో అది చట్టబద్ధం, టీలా ఇస్తారు, నమలమంటారు, ఆకలీ అలసటా కాస్త మరిపిస్తుంది. ఎత్తుకి అది మందు కాదు. ఇంకో సంగతి, దాని తర్వాత డ్రగ్ టెస్ట్ చేస్తే పాజిటివ్ రావచ్చు. మన దేశంలో కోకా ఆకు కూడా నిషేధిత పదార్థమే. సంచిలో ఒక్క ఆకు, ఒక్క టీ ప్యాకెట్ మిగలకుండా అక్కడే పారేసి విమానం ఎక్కండి.

తిండి మన వాళ్ళకి అసలు సమస్య. సహామా ఊరి ఎత్తులో నీళ్ళు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ లేకపోతే కందిపప్పు పొద్దున పెట్టినా సాయంత్రానికి పలుకుగానే ఉంటుంది. బియ్యం పైన మెత్తబడి లోపల గట్టిగా ఉంటుంది. నేను అటుకులు, పులిహోర పొడి, పల్లీ చిక్కీ పట్టుకెళ్ళాను, అవే ఆదుకున్నాయి. శాకాహారులైతే కినోవా సూప్‌లో మాంసం లేకుండా అడిగి చేయించుకోవచ్చు. చూన్యో అని బంగాళాదుంపని రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు ఎండలో కాళ్ళతో తొక్కి నీరు పిండి ఎండబెడతారు. నల్లగా, చూడటానికి గులకరాయిలా, కానీ తేలిగ్గా ఉంటుంది, ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. మన వరుగుల్లాంటిదే. తిని చూడండి.

కాగితాల సంగతి. చిలీ వైపు నుంచి సరిహద్దు కొండలు ఎక్కే విదేశీయులు దిఫ్రోల్ అనే సరిహద్దుల శాఖ దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి, పార్క్ వాళ్ళకీ చెప్పాలి. శిఖరం రెండు దేశాలదీ అయినా ఒక వైపు ఎక్కి ఇంకో వైపు దిగకూడదు. పాస్‌పోర్ట్ ముద్ర పడేది చుంగరా, తాంబో కెమాదో రోడ్డు మీది చెక్‌పోస్టుల్లోనే. ఈ సరిహద్దు గీత వెనక చాలా బాధ ఉంది. చిలీతో 1879లో మొదలైన యుద్ధంలో బొలీవియా సముద్రతీరమంతా పోగొట్టుకుంది. ఈ కొండ కింది నుంచి పారే లౌకా నది నీళ్ళు చిలీ మళ్ళించుకుందని 1962లో రాయబార సంబంధాలే తెంచుకుంది. సముద్రానికి దారి విషయంలో చిలీ చర్చలు జరపాల్సిన బాధ్యత లేదని 2018లో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది. ఊళ్ళో ఈ విషయం మీరుగా ఎత్తొద్దు, వాళ్ళు చెబితే వినండి. 1970లలో చిలీ తన సరిహద్దుల్లో మందుపాతరలు పాతింది. తొలగింపు పూర్తయిందని 2020లో ప్రకటించారు. అయినా ఆ ప్రాంతంలో బండి జాడ లేని చోట అడ్డంగా పడి నడవడం నేను చేయను.

ఒంటరిగా వెళ్ళే ఆలోచన ఉంటే అది కూడా మానుకోండి. మన నెల్లూరు జిల్లా నుంచి వెళ్ళి ఏడు ఖండాల శిఖరాలనీ 2006లో 172 రోజుల్లో ఎక్కిన మల్లి మస్తాన్ బాబు గారు, ఇదే ఆండీస్‌లో, చిలీ అర్జెంటీనా సరిహద్దు మీద ఉన్న ట్రెస్ క్రూసెస్ పర్వతం మీద 2015 మార్చిలో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. ఏప్రిల్‌లో ఆయన దేహం దొరికింది. అంత అనుభవం, అంత ఓపిక ఉన్న మనిషి. ఆ ఎడారి కొండల్లో వాతావరణం మారితే పక్కన ఇంకో మనిషి ఉండటం ఎంత అవసరమో చెప్పడానికే ఆయన పేరు తలిచాను, తప్పు పట్టడానికి కాదు. హెలికాప్టర్ వస్తుందన్న ఆశ కూడా పెట్టుకోకండి. ఇన్సూరెన్స్ తీసుకుంటే ఆరు వేల మీటర్ల పైన వర్తిస్తుందో లేదో చదివి మరీ తీసుకోండి, మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి వర్తించదు.

పైన ఏముందో కూడా చెప్పాలి కదా. అంచు చేరగానే ఎదురుగా కొండ లేదు, పెద్ద గుంట ఉంది. గుండ్రంగా, అడుగున మంచు పట్టి, నీడలో నీలంగా. అంత లోతు ఉంటుందని కింది నుంచి ఊహించలేం. దక్షిణాన కింద చుంగరా పచ్చరాయిలా మెరుస్తోంది. తూర్పున సహామా, 6,542 మీటర్లతో బొలీవియాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ. అటే ఇంకా దూరంగా గుయాల్యతీరి అగ్నిపర్వతం నోట్లోంచి సన్నగా పొగ. మా గైడ్ పడమర వైపు చేయి చాపి, అదిగో సముద్రం అటే ఉంది అన్నారు. నాకు మబ్బులు తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన మాత్రం చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డారు.

ఇప్పుడు మీ ఐదు రోజులు. వాటిని వృథా చేసుకోకండి, కొండ ఎక్కకుండానే బ్రహ్మాండంగా గడపొచ్చు. అరికా నుంచి పుత్రెకి వెళ్ళి మూడు రాత్రులూ అక్కడే పడుకోండి. అది కూడా మొదటి రాత్రికి ఎక్కువ ఎత్తే, కాబట్టి దిగిన రోజు ఊళ్ళో నెమ్మదిగా తిరగడం తప్ప ఏమీ పెట్టుకోకండి. మూడో రోజు పారినాకోటా ఊరికి వెళ్ళండి. తెల్లటి మట్టిగోడల పాత చర్చి ఉంటుంది, లోపల గోడల నిండా బొమ్మలు. ఒక మూల చిన్న బల్లని గొలుసుతో కట్టేసి ఉంచుతారు. అది పూర్వం రాత్రిళ్ళు ఊళ్ళోకి నడిచి వెళ్ళి ఎవరి గుమ్మం ముందు ఆగితే ఆ ఇంట్లో చావు జరిగేదని చెబుతారు. తాళం ఊళ్ళో ఎవరి దగ్గరో ఉంటుంది, అడిగితే వచ్చి తీస్తారు, హుండీలో ఏదైనా వేయండి.

నాలుగో రోజు చుంగరా. పుత్రె నుంచి చీకటి ఉండగానే బయల్దేరి, పొద్దున తొమ్మిదిలోపు ఒడ్డున ఉండేలా చూసుకోండి. ఆ వేళ నీళ్ళు కదలవు, కొండ మొత్తం తలకిందులుగా సరస్సులో ఉంటుంది, దాని మీదుగా పక్షులు నడుస్తుంటాయి. తర్వాత గాలి లేస్తుంది, నీడ చెదిరిపోతుంది. రెండు గంటలు చాలు, మధ్యాహ్నానికి పుత్రెకి దిగిపోండి. ఎక్కడం సంగతి ఇంకో ఏడాది ఆగస్టుకి పెట్టుకుని, పన్నెండు రోజులు సెలవు దొరికాక ఇక్కడే రాయండి. బూట్ల దగ్గర నుంచి గైడ్ దాకా నాకు తెలిసినంత చెబుతాను.